కారు కారుచున్నప్పుడు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన యీ శుభదినమున ప్రబంధములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను బడిలో చదివినది పదవ తరగతి వఱకే. భారత భాగవతములను ఈ గ్రంథాలయపు బల్లమీదనే నిఘంటువును ప్రక్కన పెట్టుకొని చదువుకొంటిని. వానిని గూర్చి చెప్పుటకు నాకంటె తగినవారు ఈ వేదికమీదనే యున్నారు. కావున స్వానుభవమున తెలిసిన విషయము నొకదానిని ఎన్నుకొంటిని. అది కారు ఇంజను నుండి నూనె కారుట. కారు అనగా వాహనమనియు, కారు అనగా స్రవించుట యనియు మన వాడుకలో రెండర్థము లున్నవి గదా! మా బండి తన పేరును సార్థకము చేసికొనుచున్నదని మా యింట పరిహాసమాడుచుండిరి. ఆ పరిహాసము ఒక రాత్రి ఎంత పని చేయబోయెనో మొదట చెప్పి, పిమ్మట ఆ దోషమును ఇంటివద్దనే ఎట్లు కనిపెట్టి బాగుచేసితిమో మనవి చేయుదును. నేడు కారో, ట్రాక్టరో లేని వీథి మన యూర లేదు. కనుక ఈ విషయము నా ఒక్కనిదే కాదు.

మా తండ్రిగారు ఈ యూరి కరణము. 1984లో ప్రభుత్వము కరణము, మునసబు పదవులను రద్దు చేసినప్పుడు దస్తరము అప్పగించి యింటికి వచ్చిరి. నేను సహకార సంఘపు లెక్కలు వ్రాయుచున్నాను. పదవి పోయినను ‘కరణంగారు’ అను పిలుపు మాత్రము నాకు వారసత్వముగా మిగిలినది. ఆ పిలుపునకు తగని పని నేనొకటి చేసితిని. అదియే యీ కథకు మూలము.

ఆరేండ్ల క్రిందట అనంతపురములో ఒక పాత పెట్రోలు కారును కొంటిని. దానిని ఇంటి ముందటి వేపచెట్టు క్రింద నిలుపుచుంటిమి. బండి కదలిన చోట అరచేతి వెడల్పున నల్లని మరక యొకటి కనబడుచుండెను. మా మేనల్లుడు, బండి నడుపువాడు అతడే, నెలకొకమారు మూత తీసి అర లీటరు ఇంజను నూనె పోయుచుండెను. నేను దాని వెలను చిల్లర ఖర్చుల క్రింద వ్రాసికొనుచుంటిని. ఇట్లు ఎనిమిది నెలలు గడచెను. ఎనిమిది అర లీటర్లు నాలుగు లీటర్లు. ఆ యింజనులో పట్టు నూనె మూడు లీటర్లకు కొంచె మెక్కువ. అనగా ఇంజను తన కడుపులోని నూనె మొత్తమును బయట పోసికొని, మరల నింపుకొని, మరల పోసికొనుచుండగా నేను చిల్లర పద్దు వ్రాసికొనుచు కూర్చుంటిని! సంఘపు చిట్టాలో ఒక్క రూపాయి తేడా వచ్చిన రాత్రి నిద్రపోనివాడను, ఇంటి ముందటి తేడాను ఎనిమిది నెలలు ప్రక్కకు నెట్టితిని.

ఆ యేడు వేరుసెనగ విత్తు కాలము వచ్చెను. పంట ఋణముల తిరగవ్రాతలతో నాకు తీరిక లేదు. మేనల్లుడును చేనిపనిలో నుండెను. ఒక నెల దాటినను ఎవ్వరమును ఇంజను మూత ఎత్తలేదు. అప్పుడొక రాత్రి రెండు గంటల వేళ మా పొరుగింటి తల్లి వచ్చి తలుపు తట్టెను. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆమె కూతునకు నొప్పులు మొదలయినవి. నెలలు ఇంకను నిండలేదు. వెంటనే ఆ యమ్మాయిని, తల్లిని ఎక్కించుకొని అనంతపురము పెద్దాసుపత్రికి బయలుదేరితిమి.

కళ్యాణదుర్గము దారిలో సగము దూరము పోవుసరికి చక్రము ముందటి పలకలో నూనె బుడ్డి గుర్తు గల ఎఱ్ఱని దీపము మలుపులయందు మినుకుమని, ఎత్తు ఎక్కునప్పుడు నిలిచి వెలిగెను. “మామా, ఎర్రలైటు ఆరడం లేదు” అని మేనల్లుడు బండి నిలిపివేసెను. “ఇంకొంచెం పోనీరా, ఊరు దగ్గరే కదా” అంటిని. “పోతే ఇంజను పట్టేస్తాది మామా. పట్టేసిందంటే ఇంక యాడికీ పోలేం” అని అతడు తాళము తీసి చేత పట్టుకొనెను. వయసులో చిన్నవాడైనను అతని మాటయే సరియైనది. ఆ దీపము నూనె తగ్గినదని తెలుపునది మాత్రమే కాదు; ఇరుసులకు నూనె ఒత్తిడితో చేరుట లేదని తెలుపునది. అది వెలిగినప్పుడు నిమిషమైనను ఇంజను నడుపరాదు.

చీకటి. చుట్టును చేలు. 108కు ఫోను చేయగా వాహనము బయలుదేరినదని చెప్పిరి. ఇంతలో పట్టణమునకు పోవు పాల వ్యాను వచ్చెను. ఆ డ్రైవరు క్యానులను ఒక ప్రక్కకు జరిపి తల్లీకూతులను కూర్చుండబెట్టుకొనెను. 108 వారికి ఆ సంగతి తెలిపితిమి. రెండు గంటల పిమ్మట ఆడపిల్ల పుట్టినదనియు, ఇద్దఱును క్షేమమనియు ఫోను వచ్చెను. అంత వఱకు నేను దారి ప్రక్కన రాతిమీద కూర్చుంటిని. బండి నిలిచినప్పుడు ఆ తల్లి నన్నొక్క మాటయు అనలేదు. ఆమె అనకుండుటయే నాకు బరువయ్యెను.

తెల్లవాఱిన తరువాత నూనె తెప్పించి పోసి బండిని ఇంటికి తెచ్చితిమి. అంతకు ముందొక పనివాడు అడుగు తొట్టి తడిగా నున్నదని దాని చుట్టును జిగురు పూసి పంపియుండెను. వారమునకే మరల కారెను. చిక్కని నూనె పోయుమని ఒకరును, కారుట మాన్పు మందు కలుపుమని ఒకరును సలహా యిచ్చిరి. ఈ మాఱు ఎవ్వరి మాటయు వినక గ్రంథాలయమునకు వచ్చితిని. మన బీరువాలో మోటారు బండ్ల మరమ్మతులను గూర్చిన పాత పుస్తకమొకటి, అట్ట యూడినది, ఉన్నది. దానిని ఇంటికి తీసికొనిపోయి మేనల్లుడును నేనును రెండు రాత్రులు చదివితిమి.

‘నిదానము’ అను మాటకు వైద్యశాస్త్రమున రోగకారణమును నిర్ణయించుట యని యర్థము. మన యిండ్లలో ‘నిదానముగా చేయుము’ అన్నప్పుడు తొందరపడకుమని యర్థము. ఇంజను దగ్గర కూర్చుండిన తరువాత ఈ రెండర్థములును ఒక్కటియే యని నాకు బోధపడెను.

మొదటి పని, కారుచున్నది ఏ ద్రవమో తెలిసికొనుట. రాత్రి బండి క్రింద తెల్లని అట్టముక్క పఱచి ఉదయము చూడవలెను. గోధుమ వన్నెగానో నల్లగానో జిడ్డుగా నున్నచో ఇంజను నూనె. చిక్కగా ఘాటైన గంధకపు వాసన వేసినచో గేరు నూనె. పచ్చగానో ఎఱ్ఱగానో నుండి నీరువలె జాఱునది ఇంజనును చల్లార్చు నీటి మందు; అది విషము, పిల్లలను, పశువులను దగ్గరకు రానీయరాదు. చక్రము ప్రక్కన పలుచని జిడ్డు కనబడినచో అది బ్రేకు నూనె కావచ్చును; అప్పుడు బండిని కదపనేరాదు. ఎండకాలమున చల్లని గాలి యంత్రము వేసికొని వచ్చిన బండి క్రింద వట్టి నీరు పడును. దానికి భయము లేదు.

రెండవ పని, ఎంత పోవుచున్నదో లెక్కించుట. బండిని చదును నేలపై నిలిపి, ఇంజను ఆపి, కొన్ని నిమిషములు ఆగి, కొలత పుల్లను తుడిచి ముంచి చూడవలెను. నూనె రెండు గుర్తుల నడుమ నుండవలెను. చుక్కయే గదా యని ఉపేక్షింపరాదు. ఇరువది చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకొందము. పది సెకండ్లకొక చుక్క పడినను గంటకు 360 చుక్కలు, 18 మిల్లీలీటర్లు. దినమునకు 432 మిల్లీలీటర్లు. ఇంజను నడుచునప్పుడు నూనె వేడెక్కి పలుచనై మఱింత వేగముగా కారును.

మూడవ పని కడుగుట. మా యింజనుపై నూనెయు, మన యెఱ్ఱమట్టియు కలిసి వ్రేలి మందమున పెచ్చు కట్టియుండెను. దానిలో ఏది పాత తడియో, ఏది క్రొత్త తడియో బ్రహ్మకైనను తెలియదు. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత, దరిదాపుల నిప్పు లేకుండ చూచుకొని, డీజిలులో తడిపిన గుడ్డతోను, కుంచెతోను పెచ్చు తీసి, పిమ్మట సబ్బునీటి గుడ్డతో తుడిచితిమి. బెల్టులకును, విద్యుత్తు తీగలు కలియు చోట్లకును తడి తగులనీయలేదు. ఒక పూట ఆరనిచ్చితిమి.

నాలుగవ పని పిండి చల్లుట. ముఖమునకు పూసికొను పౌడరును అనుమానమున్న అంచుల వెంట పలుచగా చల్లితిమి. మా యింటివారు ముగ్గుపిండి తెచ్చియిచ్చిరి గాని వలదంటిని. అది రాతిపొడి, లోపల పడిన ఇరుసులను అఱుగదీయును. ఆ పిమ్మట బండిని పావుగంట నడిపి, ఆపి, టార్చి వెలుతురున చూచితిమి. తెల్లని పిండిమీద నూనె తన దారిని తానే గీసి చూపెను.

ఇచ్చట ముఖ్యమైన సూత్రమొకటి గలదు. నూనె పల్లమునకు జాఱును. బండి పరుగెత్తునప్పుడు గాలికి వెనుకకు పోవును. కావున చుక్క పడు చోటు దోషమున్న చోటు కాదు. తడిసిన చోట్లలో మిక్కిలి ఎత్తుననున్న దానిని వెదకవలెను. లెక్కలలోను అంతే. తేడా బయటపడునది సంవత్సరాంతపు నిలువలో. తప్పు జరిగినది ఏ ఆషాఢమాసపు చిట్టాలోనో. నిలువను దిద్దినవాడు లెక్కగాడు కాడు. మన పెద్దలు చెరువుల విషయమున దీని నెఱుగుదురు. పొరుగున కడప జిల్లాలో పోరుమామిళ్ల చెరువున్నది. మొదటి బుక్కరాయల కుమారుడు, భవదూరుడనియు పేరు గల భాస్కరుడు, దానిని కట్టించి 1369లో శాసనము వేయించెను. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది పనివారును, రాయి తోలుటకు నూఱు బండ్లును పనిచేసినవని అందున్నది. చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, చెరువునకు కలుగు ఆఱు దోషములను ఆ శాసనము పేర్కొన్నది. ఆ దోషములలో ఒకటి కట్టనుండి నీరు స్రవించుట. కట్ట వెలుపలి పాదమున తడి కనబడినప్పుడు అచ్చట మన్ను వేసి త్రొక్కిన లాభము లేదు. నీటివైపున రంధ్ర మెచ్చటనో వెదకవలెను. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు ఈ సీమలో పుట్టినవారికి స్రావమును గూర్చి వేఱొకరు చెప్పవలెనా?

పిండి చూపిన దారిని పైకి పోగా అడుగు తొట్టికి సంబంధమే లేదని తేలెను. తడి మొదలైనది ఇంజను నెత్తిమీది కవరు వెనుక మూల. అచ్చటినుండి ప్రక్కగా జాఱి, తొట్టి అంచున చేరి, చుక్కయై పడుచుండెను. పనివాడు పూసిన జిగురు దోషమునకు మూరెడు క్రింద నున్నది!

కవరునకును ఇంజనునకును నడుమ గాస్కెటు అను రబ్బరు పట్టీ యుండును. దానిని మార్చుట ఇంటివద్ద చేయదగిన పని. బండి క్రింద దూఱవలసిన అవసరము లేదు. చల్లారిన ఇంజనుపై తీగలను, గొట్టములను గుర్తులు పెట్టి తీసితిమి. బోల్టులను కొంచెము కొంచెముగా వదులు చేసి, అంటుకొనియున్న కవరును చెక్కసుత్తితో మెల్లగా తట్టి ఎత్తితిమి. పాత పట్టీ ఎండిన వేరుసెనగ పొట్టువలె పెళపెళ విఱిగెను. ఏండ్ల తరబడి వేడికి రబ్బరు మెత్తదనము పోవును. విఱిగిన తునుకలు లోపల పడకుండ గుడ్డ అడ్డము పెట్టి, అంచులను శుభ్రముగా తుడిచి, గుడ్డను మఱువక తీసి, క్రొత్త పట్టీని అమర్చితిమి. జిగురును పుస్తకము చెప్పిన మూలలయందు మాత్రమే గోరంత పెట్టితిమి. ఎక్కువైన జిగురు లోపలికి జాఱి నూనె పీల్చు జల్లెడను మూసివేయును. బోల్టులను నడుమనుండి చివరలకు, ఒకటి కుడిన ఒకటి ఎడమన, రెండు విడతలుగా బిగించితిమి. బలముకొలది బిగించిన కవరు వంగి మఱింత కారును.

ఇంజను పొడిగా నుండెను. నేను ఖర్చు వ్రాసి పద్దు మూసితిని. పదునాఱు దినములకు అదే మూల మరల తడి కనబడెను.

ఆ దినము నాకు కలిగిన నిరుత్సాహమును దాచుకొనను. కాని మేనల్లుడు పుస్తకమును మరల తెఱచి, మేము దాటవేసిన పుటనొకదానిని చూపెను. ఇంజనులో మండిన వాయువు కొంత పిస్టనుల ప్రక్కగా దిగువ గదిలోనికి చొచ్చును. అది బయటికి పోవుటకు ఊపిరి గొట్టమును, దానికొక చిన్న కవాటమును ఉండును. అవి మూసికొనిపోయినచో లోపల ఒత్తిడి పెరిగి, నూనెను దొరకిన అంచు వెంట బయటికి నెట్టును. ఇంజను మెల్లగా తిరుగుచుండగా నూనె పోయు మూతను జాగ్రత్తగా వదులు చేసితిమి. మూత క్రిందనుండి గాలి బుస్సుమని తన్నెను. గొట్టమును ఊడదీసి చూడగా లోపల నల్లని జిడ్డు మడ్డి గట్టియుండెను. కవాటమును చెవి దగ్గర ఊపిన లోపలి బిళ్ల కదలి టిక్కుటిక్కు మనవలెను. మాది మూగగా నుండెను. గొట్టమును కడిగి, కవాటమును క్రొత్తది వేసి, పట్టీని మరల సరిగా కూర్చితిమి. నాటినుండి నేటివఱకు వేపచెట్టు క్రింద మరక లేదు.

పట్టీ చినుగుట దోషము కనబడిన చోటు. ఊపిరాడకుండుట దోషమునకు కారణము. చోటును బాగుచేసి కారణమును విడిచిన పని పదునాఱు దినములే నిలిచెను. చిన్న దూరములకు తిప్పుచు ఇంజను బాగుగా వేడెక్కకముందే ఆపుట, నూనెను గడువులో మార్చకుండుట, ఇవి ఆ మడ్డికి మూలములు. ఆ రెండును నేను చేసినవే.

మీ బండ్లలో దోషము వేఱొకచోట నుండవచ్చును. నూనె దింపు బోల్టునకు లోహపు వాషరుండును. నూనె మార్చునప్పుడెల్ల దానిని మార్చవలెను. ఫిల్టరు మార్చునప్పుడు పాత రబ్బరు చక్రము ఇంజనునకే అంటుకొని మిగిలిన, రెండు చక్రములు ఒకదానిపై నొకటి పడి నూనె ధారగా కారును. నూనె ఒత్తిడిని తెలుపు స్విచ్చి దగ్గఱను కారవచ్చును. ఇవన్నియు ఇంటివద్ద చూచుకొనదగినవి. ఇంజనునకును గేరు పెట్టెకును నడుమనుండి కారినచో వెనుక సీలు పోయి యుండవచ్చును. గేరు పెట్టెను దింపవలెను గనుక అది కర్మశాల పని. ఊపిరి గొట్టము శుభ్రముగా నున్నను మూత క్రింద గాలి బలముగా తన్నినచో పిస్టను చుట్లు అఱిగియుండును. అదియు మన చేతి పని కాదు. వేడి పొగగొట్టముపై నూనె పడి పొగ లేచినచో నిప్పంటుకొను ప్రమాదము గలదు. అట్టి బండిని నడుపరాదు.

ఇంకొక హెచ్చరిక. జాకీ ఒక్కదానిపై నిలిపిన బండి క్రిందికి పోకుడు. ఇటుకలు పేర్చి నమ్మకుడు. చక్రములకు అడ్డుకట్టలు వేసి, ఇనుప స్టాండ్లపై నిలిపిన తరువాతనే దూఱుడు. వాడిన నూనె చర్మమునకు చేటు. చేతి తొడుగులు వేసికొనుడు. దానిని బావి గట్టునను, కాలువలోను పోయకుడు. 2016 నాటి కేంద్ర నిబంధనలు వాడిన నూనెను ప్రమాదకర వ్యర్థములలో చేర్చినవి. డబ్బాలో పట్టి, మూత బిగించి, దానిని సేకరించువారికి చేర్చుడు. వందల అడుగుల లోతున నీటికై భూమిని తొలుచుచున్న మనమే పైనుండి విషము పోయుట ఎంత వింత!

2019 నుండి పెనుకొండ ప్రక్కన ఎఱ్ఱమంచి వద్ద కార్లు తయారగుచున్నవి. 2022లో అది శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినను మనకు ఇరుగుపొరుగే. క్రొత్త బండ్లు ఎంత చేరువలో పుట్టినను, పాత బండిని కనిపెట్టి చూచుకొను బాధ్యత మన గడపలోనే యున్నది. అందుకు కావలసిన జ్ఞానము మన బీరువాలోనే, అట్ట యూడిన పుస్తకములో, ఏండ్ల తరబడి ఎవ్వరును తీసికొనక యుండెను. దాని వెనుక పుటలోని తేదీల కాగితముపై నా పేరుకు ముందు మూడు పేర్లే యున్నవి. ప్రబంధములతోపాటు అట్టి పుస్తకములను గూడ కొనుమని కార్యదర్శిగారిని ప్రార్థించుచున్నాను.

లెక్క చెప్పక ముగించిన కరణము కరణము కాడు. పట్టీకి 420 రూపాయలు, కవాటమునకు 260, కడుగుటకును పౌడరునకును 90. మొత్తము 770 రూపాయలు. ఇంతటి సొమ్మునకై, ఇంకను నాలుగు దినముల తీరికకై, ఎనిమిది నెలలు వెనుకాడి ఒక తల్లిని, బిడ్డను చీకటి దారిలో నిలిపితిని. ఆ పద్దు నా పుస్తకములో ఇంకను సరిపడలేదు.

ఆ రాత్రి పుట్టిన పాప నేడు అమ్మమ్మతోకూడ వచ్చి, ముందు వరుసలో కూర్చుండి, మన గ్రంథాలయపు బొమ్మల పుస్తకమును తిరుగవేయుచున్నది. ఆమెకు ఈ నా మాటలు తెలియవు. మరమ్మతు పుస్తకమునకు నేను క్రొత్త అట్ట వేయించి తెచ్చితిని. రజతోత్సవ కానుకగా దానిని కార్యదర్శిగారికి అప్పగించుచు సెలవు తీసికొనుచున్నాను.